మల్లవ్వ నాకు చెప్పింది

నిజం చెప్పిన మనిషిని నేను అబద్ధాలకోరుని చేశాను. నలుగురి ముందూ చేశాను. చివరికి ఆమె మాట మీద ఆమెకే నమ్మకం పోయేటట్టు చేశాను. ఇన్నేళ్ళలో ఈ మాట ఎవరితోనూ అనలేదు. మా ఆయనతో అనలేదు, మా అక్కతో అనలేదు. పూజలో కూర్చుని దేవుడితో చెబుదామనుకున్న రోజులున్నాయి. కూర్చుని, మా అబ్బాయి పరీక్షల సంగతి, నా మోకాలి నొప్పి సంగతి చెప్పుకుని లేచేదాన్ని. అన్నం తింటున్నప్పుడో, లిఫ్టులో అద్దం ఎదురైనప్పుడో అది వచ్చి నా పక్కన నిలబడుతుంది. ఏమీ అనదు. తిట్టినా బాగుండును.

మీరెవరో నాకు తెలియదు. అదే మేలు. తెలిసినవాళ్ళయితే "పోనీలేవే, కావాలని చేశావా ఏమన్నా" అంటారు. ఆ ఓదార్పు వినే ఓపిక నాకు లేదు. కావాలని చేశానా? అదే కదా తేలనిది. లేక, తేలిపోయిందే తేలనట్టు నటిస్తున్నానా? రాస్తే ఏదో ఒకటి బయటపడుతుందని కూర్చున్నాను. మీరు మధ్యలో లేచి వెళ్ళిపోయినా ఏమీ అనుకోను.

మాది గోదావరి వైపు ఊరు. ఉద్యోగం వచ్చాక హైదరాబాదు చేరి, నిజాంపేటలో ఫ్లాటు కొనుక్కుని ఇక్కడిదాన్నే అయిపోయాను. నగర ప్రణాళికలు చూసే ఒక ఆఫీసులో పనిచేశాను. ఏ ఆఫీసో చెప్పను. హైటెక్ సిటీ నుంచి అవతల ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ దాకా ఎక్కడ మనుషుల ఇళ్ళుండాలి, ఎక్కడ ఆఫీసులుండాలి, ఎక్కడ రోడ్డు పడాలి అని తేల్చే ప్రణాళిక ఒకటి అప్పట్లో తయారవుతోంది. సర్వేలూ, మ్యాపులూ బయటి కన్సల్టెంట్లు చేసేవారు. వాళ్ళ పని సరిగ్గా ఉందా లేదా చూసి సంతకం పెట్టడం నా పని.

వాళ్ళ మ్యాపులో ఖాజాగూడ గుట్టల వెనక ఒక ముక్క బూడిదరంగులో ఉండిపోయింది. బూడిదరంగంటే తేలలేదని. నివాసమో కాదో తెలియదని. అక్కడ ఒక బస్తీ ఉంది. తరతరాలుగా రాళ్ళు కొట్టి బతికినవాళ్ళు. ఆ గుట్టలు ఎవరు ఎక్కడ పగలగొట్టారో, ఏ బిల్డింగు పునాదిలోకి ఏ రాయి పోయిందో కథలు కథలుగా చెప్పుకునేవాళ్ళు. మరి తేలకపోవడమేమిటి అంటారా? ఆ వైపు భూమి ధర చూసి, ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి రాత్రికి రాత్రి ఒక గది కట్టడం, తాళం వేసి పోవడం, రేపు పరిహారం వస్తే పరిగెత్తుకు రావడం మామూలయిపోయింది. ఏది నిజం ఇల్లో, ఏది ఉత్తుత్తి ఇల్లో కన్సల్టెంట్లకు తెలియలేదు. తెలుసుకునే ఓపికా లేదు. బూడిదరంగు పూసి చేతులు దులుపుకున్నారు.

నివాసమని తేలితే బస్తీ అక్కడే ఉంటుంది, పక్కా ఇళ్ళు కూడా వస్తాయి. కాదని తేలితే ఖాళీ చేయాలి. వాళ్ళకి సంబంధించినంతవరకు ప్రణాళిక అంటే అంతే.

మల్లవ్వ ఆ బస్తీ తరఫున మా ఆఫీసుకి వచ్చేది. అరవై దాటిన మనిషి. వయసులో ఉన్నప్పుడు రాళ్ళు కొట్టింది, అప్పటికి ఒక ఐటీ కంపెనీలో హౌస్‌కీపింగ్ చేసేది. నోట్లో ఎప్పుడూ ఆకూ వక్కా. మొదటి రోజే నన్ను ఎగాదిగా చూసి, "ఏం మేడమ్, గింత సన్నగున్నవ్, ఆఫీసుల తిండి పెడ్తలేరా?" అంది. నేను సన్నగా ఉన్నానని నా జన్మలో అన్నది ఆమె ఒక్కతే. నవ్వొచ్చింది. ఇష్టం కలిగింది. ఆమె అడిగింది చిన్న కోరిక. "మా ఇండ్లకొచ్చి జర సూడున్రి. మనుషులమున్నమో దయ్యాలమున్నమో మీరే రాసుకోన్రి."

నేను పట్టుబట్టాను. అసలు ఒప్పందంలో లేని పని అది. ఆ ఒక్క బస్తీలో ఇల్లిల్లూ తిరిగి చూసి రమ్మని కన్సల్టెంట్లకు అదనంగా అప్పగించాలి, దానికి అదనంగా డబ్బు మంజూరు చేయించాలి. మా డైరెక్టరుగారు పాతబస్తీలో పుట్టి పెరిగినాయన. ఫైలు చూసి కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. "ఏందమ్మా ఇది, ఒక్క బస్తీ కోసం మల్ల కన్సల్టెంటా? నలుగురు నవ్వుతరు." నేను వదల్లేదు. వారం వారం వెళ్ళి ఆయన ఎదురుగా కూర్చునేదాన్ని. చివరికి విసిగిపోయి ఒప్పుకున్నారు, ఒక కోత పెట్టి. మామూలుగా సర్వేలో ఇంటికి తాళం కనిపిస్తే మరో రోజు మళ్ళీ వెళ్ళి చూస్తారు. ఆ రెండో రాక తీసెయ్యమన్నారు. ఒక్కసారే వెళ్ళాలి. మనిషి కనపడితే నివాసం, తాళం కనపడితే కాదు. ఖర్చు తగ్గుతుంది. పైగా మార్చి లోపల పని అయిపోయి బిల్లు కావాలి, లేకపోతే మంజూరైన సొమ్ము వెనక్కి పోతుంది, మళ్ళీ తన దగ్గరికి రావద్దన్నారు.

ఆ రెండో రాక నేనే కొట్టేశాను. నా చేత్తోనే. అంత పని సాధించానని ఆ సాయంత్రం కూకట్‌పల్లిలో ఆగి ఇంటికి పూతరేకులు కూడా పట్టుకెళ్ళాను. సిగ్గేస్తోంది రాస్తుంటే.

ఆ కబురు తెలిసి మల్లవ్వ వచ్చింది. నా గది బయట బెంచీ మీద కూర్చుంది. నేనూ వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఆ రోజు మాట్లాడుకున్నది మాట మాటా నాకు గుర్తుంది. గుర్తుండటమే నా శిక్ష అనుకుంటాను ఒక్కోసారి.

"ఎప్పుడొస్తరు బిడ్డా మీ లెక్కలోల్లు?"

"ఈ నెలలోనేనండి. ఇంటికొక మనిషి ఉంటే చాలు."

"ఉంటరు, ఎందుకుండరు? పనులు బంద్ పెట్టుకొని ఉంటరు. గని ఒక్క మాట యాది పెట్టుకో. ఉగాది ముంగటొచ్చే బేస్తారం మాత్రం రావొద్దు. ఆ దినం బస్తీల పిట్ట గూడ ఉండదు."

"ఎందుకని?"

"ఆ దినం బస్తీ అమ్మది. పొద్దుగాలనే పొయ్యిలు సల్లార్పి, తాళాలేసి, యాపమండ పెట్టి బైటికి పోతం. దీపాల యాల్లకు వస్తం. నడుమల అమ్మ ఒక్కతే గల్లి గల్లి తిరుగుతది. ఎవరుండొద్దు. బాలింత గూడ ఉండొద్దు. మంచంల వడ్డోల్లను ఎత్తుకొని పోతం. కోల్లు, మేకలు అన్ని పోతయ్."

"ఎక్కడికి వెళ్తారండీ? ఇక్కడ అడవెక్కడుంది ఇప్పుడు?"

"అడివి లేకుంటేంది, డీసీఎం లారీ ఉన్నది గద!" అని పకపకా నవ్వింది. "ఎనకట గుట్టెనకకు పోయెటోల్లం. ఇప్పుడు గుట్టెనక గూడ కంపిన్లే. బండ్లు మాట్లాడుకొని శంకర్‌పల్లి దిక్కు పోతున్నం. అమ్మేం అనుకోదు తియ్."

"సరేనండి. ఆ రోజు ఎవరూ రాకుండా నేను చూసుకుంటాను."

"మావోల్లు ఇది చెప్పి రమ్మనే పంపిన్రు నన్ను. ఎవరన్న ఆ దినం అడుగు పెడ్తే బస్తీకి మంచిది కాదు. చెప్పిన్నని చెప్పాల్నా మల్ల?"

"చెప్పండి. నాకు చెప్పానని చెప్పండి."

తలూపి, వక్క నములుతూ వెళ్ళిపోయింది. అంతే జరిగింది.

మార్చి నెలలో మా ఆఫీసు ఎలా ఉంటుందో ప్రభుత్వోద్యోగం చేసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. పెళ్ళివారిల్లు కూడా అంత హడావుడిగా ఉండదు. ఆ హడావుడిలో కన్సల్టెంట్ల తరఫున కిరణ్ అనే అతను ఫోన్ చేశాడు. గురువారం తన మనుషులు ఖాళీగా ఉన్నారు, ఆ బస్తీ పని ముగించేస్తాం మేడమ్ అన్నాడు. ఉగాదికి ముందు గురువారం అది. సరే అన్నాను. ఫోన్ పెట్టేసి ఇంకో ఫైలు తీశాను.

మర్చిపోయాను.

తర్వాత నాకు నేను చాలా సాకులు చెప్పుకున్నాను. ఒకటి ఏమిటంటే, మావైపు ఆ రోజుని లక్ష్మివారం అంటాం, వాళ్ళు బేస్తారమంటారు, అందుకని నా తలకెక్కలేదని. ఎంత చక్కటి సాకు! కానీ ఈ ఊళ్ళో అన్నేళ్ళుండి ఆ మాట తెలియదనడానికి నాకే మొహం చెల్లలేదు. ఆమె చెప్పినప్పుడే తెలిసింది ఏ రోజో.

రెండు రోజులకి కిరణ్ లాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. ఫొటోలు చూపించాడు. తలుపు, తాళం. తలుపు, తాళం. ప్రతి తలుపు మీదా అతని మనుషులు సుద్దముక్కతో వేసిన నంబరు. సందుల్లో మనిషి లేడు, కుక్క లేదు. మధ్యాహ్నపు ఎండ ఒక్కటే పడి ఉంది. "ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు లేరు మేడమ్. మా కుర్రాళ్ళకి భయమేసిందిట, ఎవరో వెనకాలే నడుస్తున్నట్టుందని," అని నవ్వాడు అతను. ప్రతి తాళంలోనూ ఒక వేపమండ దోపి ఉంది. అతనికి అది కనిపించనే లేదు. నాకు అదొక్కటే కనిపించింది.

నోరు తెరిచానా? లేదు. డైరెక్టరుగారు కూడా వచ్చి చూశారు. "నేను మొదలే చెప్పిన గదమ్మా, అన్నీ దొంగ ఇండ్లే," అన్నారు. ఆయన కోపంగా అనలేదు, పాపం ఈ పిచ్చిది మోసపోయిందన్నట్టు అన్నారు. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. అది అమ్మ రోజండీ, ఆ రోజు వెళ్ళకూడదని నాకు ముందే చెప్పారండీ, తప్పు నాదండీ. మూడే ముక్కలు. చెబితే ఏమవుతుంది? ఆ అదనపు పని వృథా అని తేలుతుంది. మళ్ళీ పంపడానికి డబ్బు లేదు, గడువు లేదు. వారం వారం వెళ్ళి దేబిరించి తెచ్చుకున్నదాన్ని నేనే నేలపాలు చేశానని అందరికీ తెలుస్తుంది. ఒక బస్తీ ఒక వైపు, నా పరువు ఒక వైపు. ఏది బరువు తూగిందో మీకు అర్థమయ్యే ఉంటుంది.

స్థిర నివాసం లేదని రాసిన చోట సంతకం పెట్టాను.

ఇంకో మాట కూడా చెప్పుకున్నానప్పుడు. మా ఆఫీసులో అందరం చెప్పుకునేదే. ముసాయిదా బయటికి వచ్చాక అభ్యంతరాలు చెప్పుకోవడానికి గడువు ఉంటుంది కదా, అప్పుడు సరిచేద్దాంలే అని. ఎన్ని తప్పుల్ని ఆ ఒక్క మాటతో నిద్రపుచ్చామో. గడువు వచ్చింది. బస్తీవాళ్ళు అభ్యంతరం చెప్పారు కూడా. దానికి మేమిచ్చిన జవాబేమిటో తెలుసా? మీ కోసమే ప్రత్యేకంగా అదనపు ఖర్చు పెట్టి ఇల్లిల్లూ తిరిగించాం, ఎవరూ లేరు, ఇక చెప్పేదేముంది అని. నేను వాళ్ళ కోసం సాధించిన పనే వాళ్ళ నోరు మూసింది. ఆ సర్వే అసలు జరగకపోయి ఉంటే ఆ బూడిదరంగులోనే ఇంకొన్నాళ్ళు బతికేవాళ్ళేమో.

అప్పుడొచ్చింది మల్లవ్వ. నవ్వలేదు. వెనక ఇద్దరు మగవాళ్ళున్నారు, బస్తీ పెద్దలు. మొహాలు గంటు పెట్టుకుని నిలబడ్డారు. వాళ్ళ కోపం మా మీద కాదు, ఆమె మీద. ఆ సాయంత్రం దీపాల వేళకి తిరిగొచ్చేసరికి తలుపుల మీద సుద్దగీతలు కనిపించాయి వాళ్ళకి. అమ్మ తిరిగే రోజున పరాయి అడుగు పడింది. తర్వాత ఇళ్ళు పోతాయన్న కబురూ వచ్చింది. రెండూ కలిపి చూసుకున్నారు. ఇంతకీ చెప్పి రమ్మని పంపింది ఎవర్ని? మల్లవ్వని. చెప్పి ఉంటే వాళ్ళెందుకొస్తారు? ఆమె చెప్పలేదు, చెప్పానని బొంకింది. వాళ్ళ తర్కం అది. తప్పేముంది అందులో?

నా గది తలుపు తెరిచే ఉంది. లోపల డైరెక్టరుగారు కుర్చీలో కూర్చుని ఏదో చదువుతున్నారు. నేను లేచి గడప దగ్గరికి వెళ్ళాను. మల్లవ్వ అవతల నిలబడి అడిగింది.

"బిడ్డా, నేను నీకు చెప్పిన్నా లేదా? బేస్తారం రావొద్దని? మావోల్లు నేను చెప్పలే అంటున్నరు. నాకైతే చెప్పినట్టే యాదికున్నది. గా బెంచీ మీదనే కూసున్నం. నువ్వొక్క మాట చెప్పు. నీ మాట ఇంటరు."

లోపల కాగితం చప్పుడు ఆగింది.

"నాకు గుర్తులేదండి," అన్నాను. అక్కడితో ఆగినా అయ్యేది. ఆగలేదు. "మీరు వేరే ఎవరికైనా చెప్పారేమో. లేకపోతే చెప్పాలనుకుని మర్చిపోయారేమో."

ఆమె అరవలేదు. నన్ను తిట్టలేదు. నా మొహం కేసి చాలాసేపు చూసింది. ఏదో వెతుకుతున్నట్టు చూసింది. దొరక్కపోయేసరికి ఆ వెతుకులాట తనలోకి తిప్పుకుంది. అది నేను కళ్ళారా చూశాను. "గట్లనా... మరిసిన్నేమో బిడ్డా. ముసల్దాన్నయితి," అంది. వెనకున్న మగవాళ్ళలో ఒకడు "ఇన్నవా?" అన్నాడు రెండోవాడితో. ముగ్గురూ వెళ్ళిపోయారు.

నేను లోపలికి వచ్చి కూర్చున్నాను. ఏమిటమ్మా గొడవ అన్నారు డైరెక్టరుగారు. ఏం లేదు సార్ అన్నాను.

ఆ తర్వాత బస్తీ ఖాళీ అయింది. ఎవరెవరు ఎటుపోయారో నేను కనుక్కోలేదు. కనుక్కోకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాను. ఆ దారిన వెళ్ళాల్సి వస్తే చుట్టు తిరిగి వెళ్ళేదాన్ని. ఇప్పుడక్కడ పెద్ద పెద్ద అపార్టుమెంట్లు. ప్రణాళికలో నివాస ప్రాంతమనే రాసి ఉంది లెండి. నివాసం ఎవరిదన్నదే తేడా.

కరోనా వచ్చినప్పుడు అత్యవసర విధుల్లో ఉన్నామని మా ఆఫీసులో కొందరికి పాసులిచ్చారు. ఒక పగలు కారులో హైటెక్ సిటీ మీదుగా వెళ్ళాను. మీరు చూశారో లేదో ఆ రోజుల్లో అక్కడి రోడ్లు. అద్దాల మేడలన్నిటికీ తాళాలు. టీ బండి లేదు, ఆటో లేదు, మనిషి లేడు. ఎండ ఒక్కటే. సిగ్నళ్ళు ఎర్రగా, పచ్చగా, ఎవరికోసమో మారుతున్నాయి. కారు ఆపేశాను. ఊరంతా తాళాలు వేసుకుని పోయిన రోజు మధ్యలో ఒక్కతే తిరిగేదెవరో నాకు తెలుసు. నేను అక్కడ ఉండకూడదు. ఉన్నాను. అద్దం దించే ధైర్యం కూడా లేక, చల్లటి ఏసీలో కూర్చుని, అమ్మా నేను కాదే, నేను కాదే అని పైకి అన్నాను. చదువుకున్నదాన్ని. సైన్సు చదివినదాన్ని. మరెవరు, నేను కాకపోతే?

పోయిన ఏడాది కళ్ళ పరీక్షకి మాదాపూర్‌లో ఒక ఆసుపత్రికి వెళ్ళాను. చుక్కలు వేసి బయట కూర్చోబెట్టారు. అంతా మసగ్గా ఉంది. హౌస్‌కీపింగ్ అమ్మాయి ఒకామె దగ్గరికొచ్చి, "మేడమ్, మీరు ప్లాన్ల ఆఫీసు మేడమ్ గదా? నేను మల్లవ్వ కోడల్ని, లలితను," అంది. మొహం కనిపించడం లేదు నాకు. గొంతు మాత్రమే. దాక్కోవడానికి చోటు లేదు.

మల్లవ్వ పోయిందట. చాలా రోజులయిందట. వాళ్ళు జీడిమెట్లలో కిరాయికి ఉంటున్నారు, కొడుకు ఒక కెమికల్ కంపెనీలో పనిచేస్తాడు. లలిత క్యాంటీన్ నుంచి టీ తెచ్చి నా చేతిలో పెట్టింది. పక్కన నిలబడి, నేనేమీ అడక్కుండానే చెప్పుకుంటూ పోయింది.

"ఇండ్లు పోకముంగట పంచాయితి పెట్టిన్రు మేడమ్. అత్తను నడుమల నిలవెట్టిన్రు. ముందుగాల నేను చెప్పిన, చెప్పిన అన్నది. తర్వాత ఏమైందో, మీ ఆఫీసుకెల్లి వచ్చినంక ఒప్పుకున్నది. అమ్మ ముంగట దండం పెట్టి, 'నేనే మరిసిన, మేడమ్‌కు చెప్పలే, తప్పయింది' అన్నది. తప్పు కట్టింది. అయినా కొందరు మాట్లాడలే ఆమెతోని. సచ్చెదాక గదే ఫికరు. ఆఖరికి మతిల లేనప్పుడు గూడ గోడ దిక్కు తిరిగి, బేస్తారం రావొద్దు బిడ్డా, బేస్తారం రావొద్దు అని ఒక్కటే తీరు అంటుండె. అప్పుడు చెప్పక, ఇప్పుడు చెప్తున్నది అని మా ఆయన ఏడ్సెటోడు."

నేను టీ కప్పు పట్టుకుని కూర్చున్నాను.

"మీరేం మనసుల పెట్టుకోకున్రి మేడమ్. మాకోసం మీరెంత కొట్లాడిన్రో అత్త అందరికి చెప్పేది. మేడమ్ మంచిది, నేనే పాడు చేసిన అనేది."

అప్పుడైనా చెప్పాను అనుకుంటున్నారా? మీ అత్త మర్చిపోలేదమ్మా, నాకు చెప్పింది, నేనే అబద్ధమాడాను అని? ఎదురుగా మనిషి ఉంది. మొహం కూడా కనిపించడం లేదు, అంతకన్నా వీలు ఏ పాపికి దొరుకుతుంది? టీ తాగాను. బాగుందమ్మా అన్నాను. నా పేరు పిలిస్తే లోపలికి వెళ్ళిపోయాను. డాక్టరు గడ్డం ఆనించమంటే ఆనించాను. కళ్ళు తడిగా ఉన్నాయేమిటన్నాడు. చుక్కలండి అన్నాను.

చేయని తప్పుని ఆమె అమ్మ ముందు నిలబడి ఒప్పుకుంది. దానికి ఆమెకి పట్టిన కాలం కొన్ని రోజులు. నేను చేసిన తప్పు ఒప్పుకోవడానికి ఇన్నేళ్ళు. అదీ ముక్కూ మొహం తెలియని మీ దగ్గర, పేరు దాచుకుని. ఇందులో నాకు క్షమాపణ ఏమీ దొరకదని తెలుసు. అడగడం లేదు. ఎవర్ని అడగను? మల్లవ్వ లేదు. ఉన్నా, "పోనియ్ బిడ్డా" అనేది. అది అంతకన్నా నరకం.

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. కలం పక్కన పెట్టి లేచాను కూడా. మళ్ళీ వచ్చి కూర్చున్నాను.

పైన ఒకచోట మర్చిపోయానని రాశాను. అది కూడా అబద్ధమే.

కిరణ్ ఫోన్ చేసినప్పుడు గుర్తు రాలేదు, అంతవరకు నిజం. కానీ ఆ గురువారం పొద్దున్న ఆఫీసుకి వెళ్తూ గచ్చిబౌలి సిగ్నల్ దగ్గర ఆగాను. పక్కన ఒక డీసీఎం ఆగింది. వెనక నిండా జనం. ఆడవాళ్ళు, పిల్లలు, గంపలో కోళ్ళు, వంటగిన్నెలు, ఒక ముసలాయన్ని మంచంతో సహా ఎక్కించారు. వేపమండలు. మధ్యలో మల్లవ్వ, కొత్త చీర కట్టుకుని, చంకలో ఎవరి బిడ్డనో ఎత్తుకుని నిలబడి ఏదో పాట అందుకుంటోంది. నన్ను చూడలేదు. నేను చూశాను. చూసిన క్షణంలోనే మొత్తం గుర్తొచ్చింది, ఏ రోజో, ఏం మాటిచ్చానో. కిరణ్ మనుషులు ఇంకా బయలుదేరి ఉండరు. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. అతని నంబరు కూడా తీశాను. ఈ రోజు వద్దంటే ఇంకో రోజు దొరకదు. మార్చి దాటితే డబ్బు వెనక్కి పోతుంది. డైరెక్టరుగారు కళ్ళజోడు తీసి బల్లమీద పెడతారు. ఆయన అలా పెట్టడం ఇంకోసారి చూడలేననిపించింది. నిజంగా అంతే. అంతకన్నా పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండునని ఎన్నిసార్లు వెతికానో. లేదు. కొందరైనా ఇంట్లో ఉంటారులే అనుకున్నాను. ఉండరని తెలిసి అనుకున్నాను.

పచ్చలైటు పడింది. వెనక హారన్లు మోగాయి. ఫోన్ సంచిలో పడేసి కారు ముందుకి పోనిచ్చాను.

మల్లవ్వ మర్చిపోలేదు. నేనూ మర్చిపోలేదు. ఆమె నాకు చెప్పింది.